ఆవకాయ సీసాలో ఎడారి మొక్కలు – 3వ పాఠం: కుళ్ళిన వేళ్ళ సంగతి

ఈ వారం అలంకరణ చెప్పాలి. కానీ పోయిన పాఠం చూసి సీసాలు నింపినవాళ్ళలో చాలామందికి హవార్థియా (దళసరి ఆకుల చిన్న ఎడారి మొక్క) ఆకులు మెత్తబడి, ముట్టుకుంటే ఊడి వస్తున్నాయట. నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళితే అలాగే అవుతుంది. రంగురాళ్ళ సంగతి తర్వాత (నాకు వాటి మీద మోజు కూడా లేదు).

మూత బిగించినవాళ్ళు ముందు తీసేయండి. మూసిన గాజుపెట్టెలో మొక్కల పెంపకం గురించి లండన్ డాక్టర్ నథానియల్ వార్డ్ 1842లోనే పుస్తకం రాశాడు. అలాంటి పెట్టెలో ఫెర్న్‌లు హాయిగా బతుకుతాయి. ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలకు ఆ చెమ్మ గిట్టదు.

ఇక అసలు చిక్కు. "అడుగున గులకరాళ్ళు వేశాం కదండీ, ఎక్కువైన నీళ్ళు అందులోకి దిగిపోవా?" దిగవు. ఏ వీడియో చూసినా ఈ రాళ్ళ గోలే. సన్నటి మట్టి తన సందుల్లో నీటిని పట్టి ఉంచుతుంది. కింద రాళ్ళ మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి, మట్టి పూర్తిగా నానేదాకా నీరు వాటిలోకి జారదు. నమ్మకం లేకపోతే గిన్నెలు తోమే స్పాంజ్‌ను నీళ్ళలో ముంచి, అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక గులకరాళ్ళ మీద పెట్టండి, చుక్క దిగదు. అదే స్పాంజ్‌ను నిలువుగా తిప్పితే మళ్ళీ కారుతుంది. అంటే మట్టి లోతు ఉంటేనే పైభాగం ఆరుతుంది. రాళ్ళు వేసి ఆ లోతు తగ్గిస్తే తడి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. పైగా సీసాకు చిల్లు లేదు, దిగిన నీరు మాత్రం ఎటు పోతుంది?

అందుకే రాళ్ళు మానేసి అడుగు నుంచీ ఒకే మిశ్రమం నింపండి: కంపోస్ట్ ఒక పాలు, ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు కలిపి మూడు పాళ్ళు. ఇసుక జల్లించి, కిందపడ్డ సన్నం పారేయండి. బీచ్ ఇసుకలో ఉప్పుంటుంది, వద్దు.

కుళ్ళిన మొక్కను పీకి, నల్లబడ్డ భాగమంతా కోసేయండి. నీడలో నాలుగు రోజులు ఆరనిచ్చి, పొడి మిశ్రమంలో నాటండి. వారం దాకా నీళ్ళు వద్దు.

ఎచెవేరియా (గులాబీలా ఆకులు విచ్చుకునే ఇంకో ఎడారి మొక్క) పొడుగ్గా సాగిందంటే వెలుతురు చాలలేదు. ఇంట్లోకి నేనైతే హవార్థియా తప్ప ఇంకోటి కొనను. తూర్పు కిటికీ చాలు, మధ్యాహ్నపు ఎండలో గాజు కాగిపోతుంది.

అభ్యాసం: నాటగానే సీసాను వంటింటి త్రాసు మీద తూచి, బరువు రాసుకోండి. వారమయ్యాక రెండు టీస్పూన్ల నీళ్ళు పోయండి, సుమారు 10 గ్రాములు పెరుగుతుంది. ఇక రోజూ పొద్దున్నే తూచాలి. మొదటి బరువుకు దిగాక ఇంకో రెండు రోజులు ఆగి, అప్పుడు మళ్ళీ రెండు స్పూన్లు. వానాకాలంలో ఇది వారాలు పట్టొచ్చు. ఈలోగా ఆకులు కాస్త ముడతపడ్డా టెన్షన్ పడి చెంబు ఎత్తకండి.