నాన్న వాచీకి పాలిష్ పెట్టించే ముందు

పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడేసరికి బీరువాల్లోని పాత వాచీలు బయటికొస్తాయి. నాన్నగారి హెచ్‌ఎంటీ, మామగారు పెట్టిన బంగారు రంగు వాచీ, ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనుక్కున్న స్టీలు వాచీ. గీతలన్నీ పోయి కొత్తదానిలా మెరవాలని విజయవాడ బీసెంట్ రోడ్డుకో, గుంటూరు బ్రాడీపేటకో పట్టుకెళ్ళేవాళ్ళు కొందరు. వీడియో చూసి ఇంట్లోనే రుద్దడం మొదలుపెట్టేవాళ్ళు కొందరు. ఎవరైనా ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. పాలిష్ గీతను పూడ్చదు. గీత ఎంత లోతుందో చుట్టూ ఉన్న లోహాన్ని అంత లోతు వరకు అరగదీస్తుంది. అరిగిన లోహం మళ్ళీ రాదు.

కాబట్టి ముందు గీత లోతు చూడండి. ట్యూబ్‌లైటు కింద వాచీని అటూ ఇటూ వంచుతూ గీతకు అడ్డంగా గోరు నడపండి. గోరు తట్టుకోకుండా జారిపోతే అది పైపైన పడిన గీత, తేలిగ్గా పోతుంది. గోరు ఆగితే ఇంట్లో దాని జోలికి వెళ్ళకండి. ఇక సొట్టల సంగతి వేరు. ఇత్తడి బిందె సొట్ట లోపలినుంచి కొట్టి తీసినట్టు వాచీ బాడీ సొట్ట తీయడం కుదరదు, అక్కడ గట్టి లోహం ఉంటుంది. అయితే సొట్ట లోతు వరకు చుట్టూ అరగదీయాలి, లేదంటే లేజర్ వెల్డింగ్‌తో లోహం నింపి సాపు చేయాలి. రెండోది మంచి పద్ధతే కానీ ఆ మెషిన్ అందరి దగ్గరా ఉండదు. చిన్న సొట్టయితే అలా వదిలేయమనే నేను చెబుతాను.

తర్వాత బాడీ ఏ లోహమో తేల్చుకోవాలి. ఎక్కువ వాచీలు పాడయ్యేది ఇక్కడే. వెనక మూత మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే ఆ మూత ఒక్కటే స్టీలని అర్థం. బాడీ చాలావరకు ఇత్తడో మరొకటో అయి, పైన క్రోమ్ పూత ఉంటుంది. పాత హెచ్‌ఎంటీల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. బెల్టు తగిలించే కొమ్ముల కొసలు, చెయ్యికి ఆనే అడుగు భాగం భూతద్దంతో చూడండి. చెమటకు పూత లేచిపోయి పసుపు రంగు కనపడుతోందా, పచ్చటి చిలుము పట్టిందా? అలాంటి బాడీని బఫింగ్ చక్రానికి, అంటే గిర్రున తిరుగుతూ పాలిష్ చేసే గుడ్డ చక్రానికి పెడితే మిగిలిన పూత కూడా నిమిషాల్లో పోతుంది. బంగారు పూతలు మరీ పల్చన, వాటి మందం మైక్రాన్లలో లెక్క. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. నల్లటి కోటింగ్ వాచీలకైతే పాలిష్ మాటే వద్దు. 2016లో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది, పాత మోడల్‌కు అసలు బాడీ ఇప్పుడు దొరకడం కష్టం. ఉన్నదాన్ని కాపాడుకోవడమే దారి.

బాడీ మొత్తం స్టీలే అని తేలితే పైపై గీతలకు పాలిష్ గుడ్డ చాలు. రుద్దే ముందు కొమ్ముల సందుల్లోని చెమట మట్టిని మెత్తటి బ్రష్‌తో తీసేయండి. మన ఎండల్లో అక్కడ పేరుకునే మురికిలో ఇసుక రేణువులూ ఉంటాయి. తుడవకుండా రుద్దితే అవే కొత్త గీతలు పెడతాయి. బెల్టు విప్పేటప్పుడు స్ప్రింగు పిన్ను ఎగిరి కంట్లో పడొచ్చు, కళ్ళద్దాలు పెట్టుకోండి. అద్దం మీద, కీ చుట్టూ, అద్దంలా మెరిసే భాగానికీ సన్నని గీతల ఫినిషింగ్ ఉన్న భాగానికీ మధ్య అంచు మీద మాస్కింగ్ టేపు అంటించండి. ఆ గీతల భాగం మీద పాలిష్ గుడ్డ పెట్టారా, అక్కడ నున్నటి మచ్చ పడుతుంది. దాన్ని గరుకు పీచుతో, ఉన్న గీతల దిశలోనే, ఒకే వైపుకి లాగుతూ సరిచేయాలి. ముందుకూ వెనక్కూ రుద్దకూడదు.

అద్దం గీతలకు టూత్‌పేస్టు ప్లాస్టిక్ అద్దం మీద మాత్రమే పనిచేస్తుంది. మామూలు గాజు మీదా, గట్టి సఫైర్ అద్దం మీదా చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది.

డ్రిల్లు మెషిన్‌కి బఫ్ తగిలించి ఇంట్లో ప్రయత్నించకండి. చెయిను చక్రానికి చిక్కుకుంటే వేళ్ళు కూడా లోపలికి లాగేస్తుంది. వేడికి నీళ్ళు లోపలికి పోకుండా ఆపే వాషర్లు పాడవుతాయి, పొడి కీ సందులోంచి లోపలికి పోతుంది. టైటానియం వాచీ అయితే ఆ పొడికి నిప్పు అంటుకునే గుణం కూడా ఉంది.

షాపులో ఇస్తే మొహమాటం లేకుండా అడగండి: లోపల వాచీని నడిపే మిషన్ బయటికి తీసి, ఖాళీ బాడీకే పాలిష్ చేస్తారా? ‘అక్కర్లేదండీ, అలాగే పెట్టేస్తాం’ అంటే వాచీ తిరిగి తీసుకుని వచ్చేయండి. తీస్తామంటే, అంచులు గుండ్రం చేయొద్దని, వెనక ఉన్న నంబరు చెరిపేయొద్దని చెప్పి, ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. చాలా పాతదై, ముళ్ళ మీద చీకట్లో వెలిగేందుకు పూసిన రంగు గోధుమ రంగుకు తిరిగి పొడిపొడిగా ఉంటే ఇంట్లో మూత అసలు తెరవొద్దు. 1960ల దాకా కొన్ని కంపెనీలు నిజమైన రేడియం కలిపిన రంగు వాడేవి, ఆ పొడి పీలిస్తే ప్రమాదం.

మూత ఒకసారి తెరిచాక పాత వాషర్‌నే మళ్ళీ పెట్టించుకోకండి. కొత్తది వేయించి, వీలుంటే నీళ్ళు లోపలికి పోతాయేమో చూసే ప్రెషర్ టెస్ట్ కూడా చేయించండి. వాచీ మీద 30 మీటర్లని రాసి ఉన్నా అది చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకుల వరకే, కృష్ణలో మునగడానికి కాదు. పాలిష్ చేయించింది జూన్‌లో వానల ముందైతే మొదటి వారం రోజులు అద్దం లోపలి వైపు గమనిస్తూ ఉండండి. ఆవిరి పట్టినట్టు కనపడితే ఎండలో పెట్టకుండా అదే రోజు షాపుకి తీసుకెళ్ళి మూత తెరిపించండి.