టెంపరేచర్ ముల్లు దిగిందని సంబరపడకండి: ఎండలు ముదరకముందే పాత కారుకు చూసుకోవాల్సినవి

శ్రీశైలం డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతున్నాం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకుతోంది. కాసేపు ఆపుదాం అనుకుంటుండగానే టక్కున కిందికి పడిపోయింది. పక్క సీట్లో ఉన్న బాబాయ్ అది చూసి, "దిగిందిగా, ఇంకేంట్రా, పోనియ్" అన్నాడు. పోనిచ్చాను. కిలోమీటరు కూడా వెళ్లలేదు. బండి లాగడం మానేసింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి.

ముల్లు దిగింది ఇంజిన్ చల్లబడి కాదు. రేడియేటర్ పై పైపు క్లిప్పు దగ్గర చీలి నీళ్లన్నీ పోయాయి. ముల్లును ఆడించే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లు పోయాక అది ఖాళీలో మిగిలిపోయి ఏదో ఒకటి చూపిస్తుంది. ఆ కిలోమీటరులో హెడ్ (ఇంజిన్ పైభాగం) వంగింది, దాని కింద నీళ్లూ గ్యాసూ కలవకుండా ఆపే గ్యాస్కెట్ పోయింది. బండిని కిందికి దించి, హెడ్ విప్పి, లేత్‌లో ఫేసింగ్ కొట్టించి (వంగిన ముఖాన్ని చదును చేయించి), మళ్లీ బిగించేసరికి పదకొండు రోజులు పట్టింది. చీలిన రబ్బరు పైపు ఖరీదు మాత్రం ఆ రోజు దారిలో మేం తిన్న టిఫిన్ల బిల్లుకంటే తక్కువ.

అప్పటినుంచి ఏటా శివరాత్రి వెళ్లగానే ఒక ఆదివారం బండికి కేటాయిస్తున్నాను. మేలో మెకానిక్ షెడ్డు ముందు వరసలో నిలబడటం కంటే ఇదే సుఖం.

చలికాలమంతా మామూలుగా తిరిగిన బండి ఎండాకాలంలో ఎందుకు మొరాయిస్తుందో ఓ చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇంజిన్ నీళ్లు ఇంచుమించు 95 డిగ్రీల దగ్గర ఉంటాయనుకోండి. బయట గాలి 20 డిగ్రీలుంటే తేడా 75. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 ఉంటే తేడా 50. రేడియేటర్ వేడిని గాలికి వదిలేది ఆ తేడా మీదే. అంటే ఏ రిపేరూ లేని రేడియేటర్‌కే మూడో వంతు బలం తగ్గిపోయినట్టు. అప్పటికే లోపల సగం పూడుకుపోయిన రేడియేటర్ డిసెంబర్‌లో ఎలాగోలా నెట్టుకొస్తుంది, మేలో దొరికిపోతుంది. అందులోనూ ఏసీ వేస్తే దాని కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది కాబట్టి, అది వదిలిన వేడిగాలే రేడియేటర్‌కి తగులుతుంది.

మెకానిక్ దగ్గరికెళ్లి "బండి హీటెక్కుతోంది" అని ఊరుకోకండి. ఎప్పుడు ఎక్కుతోందో కూడా చెప్పండి. అది చెప్పకపోతే ఆయన ఒక్కో పార్టూ మారుస్తూ పోతాడు, మీరు డబ్బులు కడుతూ పోతారు. సిగ్నళ్ల దగ్గర ముల్లు ఎక్కి, రోడ్డు ఖాళీ దొరికి అరవైలో పోతుంటే దిగుతోందా? ఫ్యాన్‌ని అనుమానించాలి. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పనుండదు. అలా కాకుండా ఊళ్లో బాగానే తిరిగి హైవే మీద తొంభై దగ్గరో, ఘాట్‌లోనో ఎక్కుతోందంటే నీళ్లు తిరగాల్సినంత తిరగడం లేదు. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉంటుంది, లేదా వాటర్ పంప్ (షెడ్డుల్లో వాటర్ బాడీ అంటారు) లోపలి రెక్కలు తుప్పుకి తినేసి ఉంటాయి. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు పైకి పోతూ, రేడియేటర్‌కి వెళ్లే పైపు మాత్రం చల్లగా ఉందంటే ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వ్ మూసుకుని బిగుసుకుపోయినట్టు. ఇక కింద చుక్క పడకుండా వారానికో అర లీటరు నీళ్లు మాయమవుతున్నాయా? ఈ చివరిది నాకసలు నచ్చదు. అలాంటప్పుడు ఆ నీళ్లు చాలాసార్లు దెబ్బతిన్న గ్యాస్కెట్ గుండా సిలిండర్లలోకి దూరి ఆవిరైపోతుంటాయి.

గ్యాస్కెట్ సంగతి ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించండి, మీరు మూతి దగ్గర చూడండి. ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోతే ఫరవాలేదు. సోడా కొట్టినట్టు ఆగకుండా వస్తుంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి దూరుతోందన్నమాట. ఆయిల్ పోసే మూత వెనక పాలెక్కువైన కాఫీ రంగులో జిడ్డు పట్టిందా అని కూడా చూడండి. అయితే రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి చెమ్మ వల్ల కూడా అక్కడ కాస్త తెల్లగా పడుతుంది. అంతమాత్రానికే టెన్షన్ పడొద్దు. ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) మీద కూడా అదే రంగు కనిపిస్తే మాత్రం బండి కదపకండి.

ఫ్యాన్ పరీక్షకు పావుగంట చాలు. ఏసీ ఆపి బండిని నిలబెట్టి స్టార్టింగ్‌లో ఉంచండి. ముల్లు మామూలుగా నిలిచే చోటికి వచ్చి కాస్త దాటుతుండగా ఫ్యాన్ దానంతటదే తిరగాలి, కొంతసేపటికి ఆగాలి, మళ్లీ తిరగాలి. తిరగలేదా, ఏసీ నొక్కి చూడండి. పాత కార్లలో చాలావాటికి ఏసీ వేసినా ఆ ఫ్యాన్ తిరుగుతుంది. ఏసీకి తిరిగి, వేడికి తిరగలేదంటే మోటార్ బాగానే ఉన్నట్టు. స్విచ్చో రిలేనో పోయి ఉంటుంది, పెద్ద ఖర్చేమీ కాదు. ఎప్పుడైనా మోటార్ మార్పించి ఉంటే ఇంకో పరీక్ష ఉంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు బండి ముందు జాలీ దగ్గర ఒక న్యూస్‌పేపర్ ముక్క పట్టుకోండి, లోపలికి లాక్కుని అతుక్కోవాలి. బయటికి ఎగిరిందంటే వైర్లు అటూ ఇటూ కలిపేశారు, ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది. ఓ బంధువు బండి ఇలాగే రెండు వేసవులు తిరిగింది. ఈలోగా రేడియేటర్ కూడా మార్పించాడు పాపం. అంబాసిడర్ లాంటి వాటికైతే ఫ్యాన్ ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది. అక్కడ చూడాల్సింది బెల్టు బిగువు, పగుళ్లు.

ఒక హెచ్చరిక. కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. వేలాడే చున్నీ, చేతి గుడ్డ, వేళ్లు అక్కడికి పోనివ్వకండి.

రేడియేటర్ మూతని ఎవరూ లెక్కచేయరు. అది ఉత్త మూత కాదు, ప్రెషర్ కుక్కర్ విజిల్ లాంటిది. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మూత మీద 0.9 అని ఉంటే ఆ ఒత్తిడిలో అవే నీళ్లు 118 దాకా మరగవు, సగానికి సగం కూలెంట్ కలిస్తే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు ఆగుతాయి. మూత రబ్బరు ఎండిపోయి స్ప్రింగు సడలిందంటే ఆ లాభమంతా పోతుంది. బండి బాగానే ఉంటుంది, నీళ్లు మాత్రం ముందే మరిగి ఓవర్‌ఫ్లో బాటిల్‌లోకి పొంగిపోతాయి. చాలామంది దీన్ని గ్యాస్కెట్ అనుకుని హెడ్ విప్పిస్తారు. కాబట్టి ముందు మూత మార్చి చూడండి. అదే నంబరున్నది కొనండి, ఎక్కువ నంబరుది వేస్తే పాత పైపులు తట్టుకోవు.

నీళ్ల దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు బోరు నీళ్లు పోయడం. కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం కట్టే నీళ్లే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడతాయి. గిన్నెనైతే తోముతాం, దాన్నెవరు తోముతారు? బండి ఆగిపోయినప్పుడు ఏ నీళ్లయినా పోయాల్సిందే, బురద నీళ్లు తప్ప. కానీ ఇంటి దగ్గర నింపేటప్పుడు రెడీమేడ్ కూలెంట్ పోయండి, లేదా గాఢమైన కూలెంట్ కొని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకని వాదించేవాళ్లున్నారు. దాని పెద్ద పని తుప్పు పట్టకుండా చూడటం. వాటర్ బాడీ రెక్కల సంగతి పైన చెప్పాను. ఆకుపచ్చదీ ఎర్రదీ కలపకండి, రంగును బట్టి రకం తెలుస్తుందనీ నమ్మకండి, డబ్బా మీద ఉన్నది చదవండి. తీసేసిన పాత కూలెంట్‌ని వీధిలో పారబోయకండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, చచ్చిపోతాయి. పిల్లలున్న ఇంట్లో కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టడం అసలే వద్దు.

ఇత్తడి, రాగి రేడియేటరైతే పైనా కిందా ట్యాంకులు విప్పి, సన్న పట్టీలతో గొట్టాలు పొడిచి శుభ్రం చేసి మళ్లీ సోల్డరింగ్ పెడతారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని చేతితోనే చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్ అయితే పూడుకున్నాక మార్చుకోవడమే మేలు. చిన్న లీకుకి పసుపు పోయడం మన దగ్గర బాగా తెలిసిన చిట్కా. నడిరోడ్డు మీద ఇంటికి చేరడానికి పోస్తే తప్పులేదు కానీ, చేరాక అంతా కడిగించాలి. అది చిల్లునే వెతుక్కుంటూ పోదు, మంచి గొట్టాల్లోనూ పేరుకుంటుంది.

థర్మోస్టాట్ గురించి షెడ్డులో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మన ఎండలకి అదెందుకు సార్, తీసేస్తాను, గొడవ వదిలిపోతుంది." తీసేయిస్తే నిజంగానే ముల్లు కొన్నాళ్లు కింద ఉంటుంది. కానీ ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆలోగా పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన తిరిగి వచ్చేసి హీట్ ఇంకా పెరుగుతుంది. పాతది అనుమానంగా ఉంటే విప్పించి, దారంతో కట్టి, కాగే నీళ్ల గిన్నెలో వేలాడదీయండి. చాలావాటికి 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. నీళ్లు తెర్లుతున్నా మూసుకునే ఉంటే కొత్తది వేయించండి.

ఎల్‌పీజీ కిట్ వేయించిన బండి అయితే ఇంకో రెండు చోట్ల చూడాలి. గ్యాస్ ఒత్తిడి తగ్గించి ఇంజిన్‌కి పంపే కిట్ రిడ్యూసర్‌కి వేడి అందించడానికి ఇంజిన్ నీళ్ల పైపులోంచే టీ జాయింటు పెట్టి సన్న పైపులు తీస్తారు. లీకులు అక్కడే మొదలవుతాయి. నీళ్లు తగ్గితే రిడ్యూసర్‌కి వేడి అందదు. నడి వేసవిలో బానెట్ తెరిస్తే రిడ్యూసర్ మీద మంచు పట్టి ఉంటుంది, బండి కుదుపులు ఇస్తుంటుంది. మంచు చూసి గ్యాస్ సమస్య అనుకుంటారు, అది నీళ్ల సమస్య. అలాగే కార్బురేటర్ బండి ఎండలో ఆగిపోయి, ముల్లు మామూలుగానే ఉంటే అది ఓవర్‌హీటింగ్ కాకపోవచ్చు, పెట్రోల్ పైపులో ఆవిరి పట్టి ఉండొచ్చు. నీడన ఆపి, పెట్రోల్ పంప్ మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే కదులుతుంది.

ఇన్ని చూసుకున్నా దారిలో ముల్లు ఎక్కిందనుకోండి. ఎర్రగీత తాకకముందే ఏసీ ఆపేసి, హీటర్ ఉంటే ఫుల్లు వేడిలో పెట్టి బ్లోయర్ తిప్పండి. మే నెలలో హీటరేంటని ఇంట్లోవాళ్లు తిడతారు, తిట్టనివ్వండి. అది కూడా ఒక చిన్న రేడియేటరే. ముల్లు ఎర్రలోకి పోయినా, ఆవిరి కనిపించినా, ఉన్నట్టుండి కిందికి పడినా పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంకొంచెం దూరంలో ఊరుంది, డాబా ఉంది అనుకోవద్దు.

తర్వాతి అరగంట, ముప్పావుగంట ఏమీ చేయకుండా ఉండటమే కష్టం. ఎవరో ఒకరు దిగి మూత తిప్పబోతారు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు మూత సడలగానే ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. పై పైపు చేత్తో నొక్కితే మెత్తగా, పట్టుకోగలిగేంత వేడిలో ఉన్నప్పుడే మూత మీద మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకి తిప్పుకుని, మొదటి గాడి దాకా తిప్పి ఆపండి. బుస్సుమనేది ఆగాకే పూర్తిగా తీయండి. నీళ్లు గబగబా పోయొద్దు. వేడి హెడ్ మీద చన్నీళ్లు పడితే అది పగలొచ్చు. కొంచెం పోసి, బండి స్టార్ట్ చేసి, మిగతాది సన్నగా పోస్తూ ఉండండి, లోపలి గాలి బుడగలుగా బయటికి వస్తుంది.

నల్లమల అడవి దారిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రిపూట మూసేస్తారు. అందుకే మా డిక్కీలో ఇప్పుడు ఐదు లీటర్ల నీళ్ల క్యాన్, మా బండికి సరిపోయే పై పైపు, నాలుగు క్లిప్పులు, స్క్రూడ్రైవర్, రెండు ఫ్యూజులు, మందపాటి పాత దుప్పటి ముక్క ఉంటాయి. పోయినేడు అదే ఘాట్‌లో ముల్లు సగం దాటింది. ఈసారి "ఒరేయ్, ముందు ఏసీ ఆపు" అన్నది బాబాయే.