హాట్ రాడ్ షోలకు బయలుదేరే ముందు: ఉప్పు మైదానం మొదలుకొని ఉడ్‌వర్డ్ దాకా

ఆగస్టు వస్తోందంటే అమెరికాలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకి కాలు ఒకచోట నిలవదు. రీనోలో హాట్ ఆగస్ట్ నైట్స్, యూటా ఉప్పు మైదానంలో బాన్‌విల్ స్పీడ్ వీక్ అనే వేగం పందేలు, డెట్రాయిట్ శివార్లలో ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే సమయంలో వస్తాయి. అక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు, వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా కార్లో ఎక్కించుకుని బయలుదేరిపోతుంటారు. సరదాకి అడ్డు చెప్పను గానీ, ఈ మూడూ ఒకే రకం షోలు కావు. ఒకదానికి సరిపోయిన ఏర్పాట్లు ఇంకొకదానికి పనికిరావు. ముఖ్యంగా బాన్‌విల్‌కి.

హాట్ రాడ్ అంటే కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. పాత ఫోర్డు మోడల్ టి, మోడల్ ఎ, 1932 ఫోర్డు లాంటి తేలికపాటి బండ్లను తీసుకుని, మడ్‌గార్డులూ బానెట్టూ పీకేసి, ఇంజిన్‌కి బలం పెంచి పరుగెత్తించడం. 1932లో ఫోర్డు సామాన్యులకు అందే ధరలో వి8 ఇంజిన్ ఇవ్వడంతో కాలిఫోర్నియా కుర్రాళ్ళకి పండగైంది. ఎండిపోయిన చెరువుల్లో పందేలు వేసుకునేవాళ్ళు. 1937లో వాళ్ళ క్లబ్బులన్నీ కలిసి ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అనే సంఘం పెట్టుకున్నాయి. 1949లో ఆ సంఘమే బాన్‌విల్ ఉప్పు మైదానంలో మొదటి స్పీడ్ వీక్ జరిపింది. నేటికీ నడిపేది వాళ్ళే.

బాన్‌విల్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా షోలకు లేని కష్టాలన్నీ అక్కడే ఉన్నాయి.

మొదటిది, అసలు జరుగుతుందో లేదో చూసుకోవాలి. శీతకాలంలో ఆ మైదానమంతా నీళ్ళు నిలుస్తాయి. వేసవికి అవి ఇగిరిపోయి ఉప్పు గట్టిపడాలి. వానలు పడినా, ఉప్పు పొర పల్చబడినా రద్దు చేస్తారు. 2014లో, 2015లో, మళ్ళీ 2022లో అలాగే రద్దయింది. కాబట్టి విమానం టికెట్టు, హోటలు రెండూ డబ్బు వెనక్కి వచ్చే రకమే తీసుకోండి. దగ్గర్లో ఉన్న ఊరు వెండోవర్ చిన్నది, ఆ వారం గదులు ముందే నిండిపోతాయి. అక్కడ దొరక్కపోతే సాల్ట్ లేక్ సిటీ దాదాపు 120 మైళ్ళు. రోజూ అంత దూరం వెళ్ళి రావడం కుదురుతుందిలే అనుకోకండి. ఎందుకో కిందే చెబుతాను.

రెండోది ఎండ. మనకి రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ తెలుసు, గుంటూరు వడగాలి తెలుసు. ఆ ధీమాతోనే దెబ్బ తింటాం. ఇక్కడి ఎండ తీరు వేరు. నేల తెల్లటి ఉప్పు కావడంతో వెలుతురు కిందినుంచి కూడా కొడుతుంది. టోపీ పెట్టుకున్నా గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున, చెవుల వెనక, నిక్కరు వేసుకుంటే తొడల లోపలి వైపు కూడా కమిలిపోతుంది. సన్‌స్క్రీన్ అక్కడ కూడా రాయాలి, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. "మనది చామనఛాయేగా, మనకెందుకు క్రీములు" అనే మాట ఇంటి దగ్గరే వదిలేసి రండి. నల్లకళ్ళద్దాలు తప్పనిసరి, పక్కలనుంచి కూడా కప్పేవైతే మంచిది. కళ్ళద్దాల్లేకుండా ఒక పూట తిరిగితే సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది.

ఆ చోటు సముద్రమట్టానికి 4,200 అడుగుల ఎత్తున ఉంది, గాలిలో తేమ ఉండదు. చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవడం లేదు కదా అని నీళ్ళు తాగరు. మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. మనిషికి రోజుకి నాలుగైదు లీటర్ల లెక్కన నీళ్ళు వెంట ఉంచుకోండి. వట్టి నీళ్ళే కాకుండా ఓఆర్ఎస్ పొట్లాలు, ఐస్ బాక్సులో ఉప్పేసిన మజ్జిగ ఉంటే ఇంకా మేలు. చెట్టు నీడ అనేది అక్కడ లేదు, గడ్డి పరక కూడా మొలవదు. మీ నీడ మీరే తెచ్చుకోవాలి. పందిరి గుడారం తెస్తే కాళ్ళకు బరువులు కట్టండి, గాలి లేచిందంటే పక్కవాళ్ళ బండి మీద పడుతుంది. ఆ పక్కవాళ్ళ బండి ఖరీదు మీ కారుకి నాలుగింతలు ఉండొచ్చు.

పెద్దవాళ్ళు వెంట ఉంటే బీపీ మాత్రల్లో నీరు తీసే మందు ఉందేమో బయలుదేరే ముందే డాక్టర్ని అడగండి. ఇన్సులిన్ చల్లగా ఉండాలి, అలాగని ఐసుకి తగలకూడదు. మనిషి తడబడుతున్నా, మాట పొంతన లేకపోయినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. కారులో ఏసీ వేసి పడుకోబెట్టి చూద్దాంలే అని ఊరుకోకుండా తడిగుడ్డలు కప్పుతూనే 911కి ఫోన్ చేయండి, దగ్గర్లో ఉన్న నిర్వాహకులకు చెప్పండి. నన్నడిగితే డెబ్బై దాటినవాళ్ళని బాన్‌విల్‌కి తీసుకెళ్ళొద్దు. వాళ్ళకి ఉడ్‌వర్డ్ ఉంది.

మూడోది ఉప్పు. మీ కారు శత్రువు అదే. తారురోడ్డు అయిపోయాక ఉప్పు మీదే కొన్ని మైళ్ళు నడపాలి. తేమగా ఉన్న ఉప్పు చక్రాల లోపల, బండి కింద ముద్దలుగా పేరుకుని, ఆరాక గట్టిపడిపోతుంది. రేసు కార్ల వాళ్ళే సాయంత్రం పడుకుని స్క్రూడ్రైవర్‌తో కింద గీకుతూ కనిపిస్తారు. తిరిగొచ్చాక ఆ రోజే బండి కింది భాగం బాగా కడిగించండి, వారం తర్వాత ఇంకోసారి. అద్దె కారైతే ఒప్పందంలో రోడ్డు దిగి నడపకూడదనే షరతు ఉందేమో చదవండి. ఉంటే తారురోడ్డు చివర దిగి, తెలిసినవాళ్ళ బండిలో లోపలికి వెళ్ళడమే మంచిది. చెప్పులు, బూట్లు పాతవే వేసుకోండి, తోలువైతే ఆశ వదులుకోండి.

కోన్‌లు పెట్టిన దారి తప్పి నడపకండి. అంచుల్లో ఉప్పు పొర పల్చగా ఉంటుంది, కింద బురద. చూడటానికి గచ్చు నేలలా ఉంటుంది, చక్రం పడగానే కుంగుతుంది. 1846లో కాలిఫోర్నియాకి వలస వెళ్తున్న డానర్ బృందం ఎద్దుబండ్లు ఈ ఎడారిలోనే దిగబడ్డాయి. పశువుల్ని, బండ్లని వదిలేసి నడిచారు. ఇప్పటి ఎస్‌యూవీలు కూడా దిగబడుతూనే ఉంటాయి, కాకపోతే లాగే ట్రక్కుకి బిల్లు కట్టాలి.

ఇక రేసు దగ్గర. 2020లో జార్జ్ పొటీట్ ఇక్కడే స్పీడ్ డెమన్ అనే కారును గంటకి 470 మైళ్ళ వేగంతో నడిపాడు. మీకు కనిపించేది మాత్రం దూరంగా తెల్లటి మైదానంలో కదిలే ఒక చుక్క. అది దాటిపోయాక మోత వినిపిస్తుంది. బైనాక్యులర్స్ తెచ్చుకోండి. ఫొటో కోసం గీత దాటి ముందుకు వెళ్ళొద్దు, అంత వేగంలో బండి అదుపు తప్పితే ఎటు వస్తుందో చెప్పలేం. అసలు మజా పిట్స్‌లో, అంటే రేసు బండ్లను సిద్ధం చేసుకునే చోట ఉంటుంది. టికెట్టు కొన్నవాళ్ళెవరైనా బండ్ల మధ్య తిరగొచ్చు, బండి కట్టినవాళ్ళతో మాట్లాడొచ్చు. అక్కడ ట్రక్కులు, స్కూటర్లు, వెనక్కి తోస్తున్న రేసు కార్లు అన్ని వైపులా తిరుగుతుంటాయి కాబట్టి చిన్నపిల్లల చెయ్యి వదలకండి.

తిరుగు ప్రయాణం గురించి చెప్తానన్నాను కదా. వెండోవర్‌కి, సాల్ట్ లేక్ సిటీకి మధ్య ఐ-80 రోడ్డు గీత గీసినట్టు పోతుంది. ఎండలో రోజంతా ఉండి, కడుపునిండా తిని, సూర్యుణ్ణి వెనకేసుకుని ఆ రోడ్డెక్కితే రెప్పలు వాలిపోతాయి. చీకట్లో జింకలు కూడా అడ్డం వస్తాయి. ఇద్దరు డ్రైవర్లు లేకపోతే ఆ రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. రీనో షో చూసి అక్కడినుంచి బాన్‌విల్‌కి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు, నెవాడా ఎడారి మీదుగా దాదాపు 400 మైళ్ళు. ట్యాంకు సగానికి రాగానే నింపుకోండి, తర్వాతి బంకు ఇరవై మైళ్ళలో ఉంటుందనే భరోసా అక్కడ లేదు. పైగా వస్తూ ఒక గంట పోతుంది, వెండోవర్‌ని ఆనుకుని ఉన్న వెస్ట్ వెండోవర్ నెవాడాలో ఉన్నా యూటా టైమే నడుస్తుంది. శాకాహారులకు అక్కడ ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప పెద్దగా దిక్కుండదు. చింతపండు పులిహోర కట్టుకుపోండి. పెరుగన్నమైతే ఐస్ బాక్సు లేకుండా వద్దు.

ఇంత హడావుడి అక్కర్లేనిది ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. 1995లో ఫెర్న్‌డేల్‌లో ఒక సాకర్ మైదానం కోసం నిధులు పోగు చేయడానికి మొదలైంది. ఆగస్టు మూడో శనివారం అసలు రోజు. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా ఉడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్లే కార్లు. ట్రాయ్, నోవై వైపు మన తెలుగు కుటుంబాలు, కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకిది ఇంటి పక్క తిరునాళ్ళే. శనివారం ట్రాఫిక్ కదలదు. అందుకే నన్నడిగితే గురువారమో శుక్రవారమో సాయంత్రం వెళ్ళండి. బండ్లు అప్పటికే తిరుగుతుంటాయి, కుర్చీ వేసుకోవడానికి నీడ కూడా దొరుకుతుంది. దుకాణాల ముందు గడ్డిలో కూర్చునే ముందు అడగండి.

ఇక్కడ ప్రమాదం మీ కారుదే. పాత బండ్లలో చాలావాటికి డ్రమ్ము బ్రేకులు, ఏబీఎస్ ఉండదు, వెనక లైట్లు రూపాయి బిళ్ళంత. పైకప్పు కోసి దించిన బండిలో డ్రైవరుకి పక్కనున్నది కనిపించదు. ఖాళీ ఉంది కదా అని మీ క్యామ్రీని అలాంటి బండి ముందు దూర్చారంటే అతను ఆపలేడు. వెనక వెళ్తున్నా దూరం పాటించండి, అతని బ్రేకు లైటు వెలిగినట్టు మీకు తెలిసేలోపే ముక్కు తగులుతుంది.

ఏ షో అయినా సరే, బండ్లు బయటికి వెళ్ళే గేటు దగ్గర, మలుపు బయటి అంచున నిలబడి వీడియో తీయకండి. చూసే జనం ఉన్నారని టైర్లు పొగలు కక్కిస్తారు, వెనక భాగం జారితే బండి వచ్చేది సరిగ్గా ఆ వైపుకే. పక్కలనుంచి వచ్చే సైలెన్సర్ గొట్టాలు గంట తర్వాత కూడా కాలుతుంటాయి, పిల్లల పిక్కలు జాగ్రత్త. బానెట్టు లేని బండి ఇంజిన్ నడుస్తుంటే వంగి చూడొద్దు. చున్నీ కొసలు, విరబోసిన జుట్టు, ఐడీ కార్డు తాడు ఫ్యానులో, బెల్టులో పడితే తీయడానికి టైం ఉండదు.

చెవుల సంగతి చాలామంది పట్టించుకోరు. 85 డెసిబెల్స్ మోతని ఎనిమిది గంటలు భరించొచ్చు అంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. సైలెన్సర్ లేని వి8 పక్కన నిలబడితే ఆ లెక్క ఇట్టే దాటిపోతుంది. పెద్దవాళ్ళకి స్పాంజి బిళ్ళలు చాలు, పిల్లలకి మాత్రం చెవులు మొత్తం కప్పే మఫ్స్ కొనండి.

చంటిపిల్లలున్నవాళ్ళు ఎండ గొడవే లేకుండా చలికాలం షోలకు వెళ్ళొచ్చు. 1950లో ఓక్లాండ్‌లో మొదలైన గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షో ఇప్పుడు పోమోనాలో జరుగుతోంది. జనవరి చివర్లో దక్షిణ కాలిఫోర్నియా వాతావరణం హాయిగా ఉంటుంది. డెట్రాయిట్ ఆటోరామా కూడా హాల్లోనే, కొత్తగా కట్టిన బండ్లలో మేటిదానికి రిడ్లర్ అవార్డు ఇచ్చేది అక్కడే. కాకపోతే అది శీతకాలం చివర్లో, మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టే రోజుల్లో. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని పార్కింగ్ నుంచి నడిపించకుండా గుమ్మం దగ్గరే దించి తర్వాత బండి పెట్టుకోండి.

ఇలాంటి హాళ్ళలో బండ్ల మీద చెయ్యి వేయొద్దు. ఆ రంగు వేయడానికి నెలలు పట్టి ఉంటుంది. గాజులు, బెల్టు బకిల్, భుజాన వేలాడే బ్యాగు జిప్పు, వీటితోనే గీతలు పడతాయి. పిల్లాణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి ఫొటో తీయాలనుంటే ఓనర్ని అడగండి. చాలామంది తామే తలుపు తీసి ఎత్తి కూర్చోబెడతారు, కథ కూడా చెబుతారు. అడక్కుండా కూర్చోబెడితే మాత్రం మాటలు పడాల్సిందే.

చివరగా కాగితాలు. వీసా మీద ఉన్నవాళ్ళు ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి నమోదు) ప్రింటు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఆ కార్డు వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. ఊరు దాటి ఎడారిలోకి వెళ్తున్నామని ఇంట్లో వదిలేయకండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల ఇన్సూరెన్స్ నంబరు ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా రాసి కారు డాష్‌బోర్డు అరలో పెట్టండి. ఉప్పు మైదానంలో సిగ్నల్ కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. పార్క్ చేసిన కారులో వదిలేసిన ఫోనైతే ఆ ఎండకి వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది.