థాయ్, నార్వేజియన్ నేర్చుకునేవాళ్లకు స్వరం గురించి ఒక చిట్కా

రెండు భాషల్లోనూ స్వరం, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తే, దించే తీరు, మారితే అర్థం మారుతుంది, కానీ థాయ్‌లో దాని పట్టు చాలా ఎక్కువ. అక్కడ స్వరాలు 5. ‘క్లై’ అని సమంగా పలికితే దూరం, పై నుంచి కిందికి దించితే దగ్గర! బ్యాంకాక్‌లో దారి అడిగేటప్పుడు ఇది తప్పితే ఎంత టెన్షనో చూడండి. అందుకే ప్రతి మాటనీ మొదటి రోజు నుంచే స్వరంతో కలిపి నేర్చుకోండి. స్వర గుర్తులు లిపిలోనే ఉంటాయి, కాబట్టి లిపిని వాయిదా వేయకండి. మనకు క, ఖ తేడా తెలుసు కదా, థాయ్‌లోనూ అలాంటి తేడా ఉంది కాబట్టి అదీ పనికొస్తుంది.

నార్వేజియన్‌లో స్వరాలు రెండే. ‘రైతులు’, ‘చిక్కుడు గింజలు’ అనే అర్థాలిచ్చే మాటల్ని చాలా యాసల్లో విడదీసేది స్వరమే. కొన్ని యాసల్లో ఆ తేడా అసలు లేదు, సందర్భాన్ని బట్టే అర్థమవుతుంది. ముందు మాటలు పోగేసుకోండి, స్వరం వినగా వినగా పట్టుబడుతుంది.