పాలియో ఎస్10 కొనేముందు జాగ్రత్తలు

పాలియో ఎస్10 అంటే సచిన్ తెందుల్కర్ సంతకంతో వచ్చిన ఫియట్ పాలియో కారు ప్రత్యేక ఎడిషన్. హనుమకొండలో ఎవరైనా "సచిన్ సంతకం ఉన్న పాలియో అండీ, అసలుది" అంటే వెంటనే బానెట్ ఎత్తించకండి. ముందు ఆర్‌సీ అడగండి.

- ఎస్10కు ఆధారం 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిను. ఆర్‌సీలో 1596 సీసీ ఉండాలి. 1242 ఉంటే అది మామూలు 1.2 బండి, సంతకం తర్వాత అంటించినదే. అలాంటి స్టిక్కరు ఏ రేడియం షాపులోనైనా చేసిస్తారు. 1596 ఉన్నా తొందర వద్దు, పాలియోలోనే జీటీఎక్స్ అనే మామూలు మోడలుకూ అదే ఇంజిను. షోరూం నాటి మొదటి బిల్లు చూపించమనండి.

- చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అంకెల వరుస వంకరపోయినా, చుట్టూ గ్రైండర్ గీతలున్నా, అక్కడ మాత్రమే కొత్త పెయింటు మెరుస్తున్నా బేరం ఆపేయండి. పైపై తుప్పుకు భయపడనక్కర్లేదు. ఇన్నేళ్ల ఇనుముకు అది సహజం.

- ఇంజిను మార్చి ఉంటే ఆ సంగతి ఆర్‌సీలో ఎక్కి ఉండాలి.

- ఏపీ 36 పాత వరంగల్ నంబరు. బండికి పదిహేనేళ్లు దాటాయి కాబట్టి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, గ్రీన్ ట్యాక్స్, ఫైనాన్సు బాకీ చూడండి.

- ఇవన్నీ తేలాకే అడ్వాన్సు. "సాయంత్రం కరీంనగర్ పార్టీ వస్తోంది" అంటారా, రానివ్వండి.