ఆర్గాంజా చీర కట్టే ముందు ఇవి చూసుకోండి

షాపులో బొమ్మకి కట్టిన ఆర్గాంజా ఎంత అందంగా ఉంటుందో! అదే మనం కట్టుకుంటే గొడుగులా విచ్చుకుంటుంది. తప్పు ఒంటిది కాదు, బట్టది. బిరుసు బట్ట కదా, ఒంటిని అంటిపెట్టుకోదు.

- ముందు లోపలి లంగా సంగతి. నాడా కట్టే కుచ్చుల లంగా వద్దు, పల్చటి చీరలోంచి ముడతలన్నీ కనిపిస్తాయి. తుంటి వెడల్పుగా ఉన్నవాళ్లు చీర రంగులోనే షేప్‌వేర్ (ఒంటికి బిగుతుగా పట్టి ఉండే, సాగే లంగా) తీసుకోండి. వేసుకుని నాలుగు మెట్లు ఎక్కి చూడండి. కొన్నిటిలో అడుగు పడదు.

- చెప్పులు వేసుకున్నాకే చీర దోపాలి.

- పొట్ట ఉన్నవాళ్లకి కుచ్చిళ్లు ఐదు చాలు. ముందురోజే మడతలు పెట్టి, క్లిప్పులు పెట్టి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేయండి. నేను ఒకసారి తొందరలో నేరుగా పెట్టేశాను. పవిట అంచు అప్పడంలా ముడుచుకుపోయింది.

- పొట్టిగా ఉంటే సన్నంచు చీరే ఎంచుకోండి. జానెడు అంచు మనిషిని ఇంకా పొట్టిగా చూపిస్తుంది.

- ఛాతీ, భుజాలు నిండుగా ఉంటే పవిటని సన్నటి మడతలుగా పిన్ను చేయండి. సన్నగా ఉన్నవాళ్లు పవిటని మడతలు లేకుండా వదిలేయొచ్చు, ఈ చీర వాళ్ల పక్షమే!

- పిన్నుకి ముందు ఒక చిన్న పూస ఎక్కించండి. లేకపోతే దారం పిన్ను చుట్టలో ఇరుక్కుని చిరుగుతుంది.