కాసులపేరు దిగిన సవరన్లు – మూడో పాఠం: అంచు చదవడం

కిందటి రెండు పాఠాల్లో సరంజామా సమకూర్చుకున్నాం: పదింతలు చూపే భూతద్దం, వెర్నియర్ కాలిపర్స్, గ్రాములో వందో వంతు దాకా చూపే కాటా. లక్ష్మీకాసుకీ అసలు నాణేనికీ తేడా కూడా తెలుసుకున్నాం. కంసాలి అచ్చు మీద కొట్టిన పలచటి బిళ్ల లక్ష్మీకాసు. సవరను, అంటే బ్రిటిష్ బంగారు నాణెం, అలా కాదు, టంకశాలలో ముద్ర పడి, నాలుగు చేతులు మారాక కొండి అతికించుకుని మెడకెక్కింది. ఇక మన పనంతా ఈ రెండో రకంతోనే.

నాణెం చేతికి రాగానే ఎవరి కళ్లయినా సంవత్సరం మీదికే పోతాయి. మీరు మాత్రం ముందు అంచు చూడండి. సంవత్సరం దాని పుట్టుక చెబుతుంది, అంతే. ఎవరో దాన్ని వేసుకున్నారా, ఏ వైపు పైకి ఉండేలా వేసుకున్నారు, కొండి ఎప్పుడైనా ఊడదీశారా అన్నవి అంచు మీదే కనబడతాయి. ధర తేలేదీ అక్కడే.

ముందు తూకం. కొత్త సవరను 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, అడ్డకొలత 22.05 మిల్లీమీటర్లు. 7.937 గ్రాముల కన్నా తగ్గితే చెలామణికి పనికిరాదని బ్రిటిష్ చట్టం. తరుగు కోసం అందరూ చూస్తారు. నగల్లోంచి వచ్చిన నాణేనికి మాత్రం పెరుగుదల కూడా చూడాలి.

ఇప్పుడు నా బల్ల మీదున్నది 1912 నాటి అయిదో జార్జి సవరను. కొండి లేదు. కాటా 8.03 చూపిస్తోంది. మెడలో అన్నేళ్లు అరిగి, ఆకురాయి దెబ్బలు తిని కూడా కొత్తదాని కన్నా బరువుందంటే ఆ ఎక్కువ ఎక్కడిది? దీపం ఏటవాలుగా పెట్టి, నాణేన్ని వేళ్ల మధ్య నిలబెట్టి, అంచు మెల్లగా తిప్పుతూ చూడండి. అంచు చుట్టూ అడ్డంగా సన్నటి గీతలుంటాయి. రాజు తలకు సరిగ్గా పైన, గడియారంలో 12 ఉండే చోట, దాదాపు 4 మిల్లీమీటర్ల మేర ఆ గీతలు పూడిపోయాయి. అక్కడ రంగు కాస్త పాలిపోయింది. అది కొండిని అతికించిన టంకం. టంకం నాణెం కన్నా ముందే కరగాలి కాబట్టి అందులో వెండి, రాగి పాలు ఎక్కువ వేస్తారు. ఆ తేడా ఎంత మెరుగు పెట్టినా పూర్తిగా దాగదు.

ఆ మచ్చ మీదే ఇంకోటి చూడండి. టంకశాల గీతలు అంచుకు అడ్డంగా ఉంటే, ఆకురాయి గీతలు అంచు వెంబడి నిలువుగా పోతాయి. పనితనమున్న కంసాలి సన్న ఆకురాయితో అడ్డగీతలు మళ్లీ కోస్తాడు. అప్పుడు ఎదురుగా 6 దగ్గరి గీతలతో పోల్చండి. చేత్తో కోసినవాటికి ఎడం సమంగా రాదు.

తర్వాత కాలిపర్స్. 12 నుంచి 6కి 22.12, 3 నుంచి 9కి 21.96. పైన టంకం మిగిలి పెరిగింది, పక్కలు అరిగి తగ్గాయి. పేరులో పక్క కాసులు ఒరుసుకునేది ఆ రెండు చోట్లే మరి. చెలామణిలో అరిగిన నాణేనికి రాజు కణత, బొరుసు మీది గుర్రం తొడ లాంటి ఎత్తైన చోట్లు ముందు పోతాయి. మెడలో అరిగినదానికి ఒంటికి తగిలే ముఖం మొత్తం నునుపెక్కి, అక్షరాల అంచులు మొద్దుబారతాయి. ఇక్కడ బొరుసు వైపు అలా నునుపెక్కింది. రాజును బయటికి పెట్టి వేసుకున్నారన్నమాట.

కొండి దెబ్బ పైభాగానికే కాబట్టి బొరుసు అడుగున ఉండే సంవత్సరం సాధారణంగా బతికిపోతుంది. సంవత్సరం 1918 అయితే భూతద్దం మళ్లీ తీయండి. అంకెల పైన, గుర్రం కింది నేలగీత మధ్యలో, చిన్న ‘ఐ’ అక్షరం ఉంటే అది బొంబాయి టంకశాలది. అక్కడ సవరన్లు కొట్టింది ఆ ఒక్క సంవత్సరం అంకెతోనే, సుమారు 13 లక్షలు. కొండి మచ్చ ఉన్నా నేనైతే దాన్ని వదలను.

మిగతావాటికి మాత్రం బంగారం ధర దాటి ఇవ్వకండి. 7.988ను 22తో హెచ్చించి 24తో భాగిస్తే 7.32 గ్రాముల మేలిమి. ఆ రోజు ధరతో లెక్క కట్టండి. ‘అరుదైనదండీ’ అని అమ్మేవాడు ఊరిస్తే, నవ్వి అంచు చూపించండి.

చిల్లు పొడిచిన నాణేలకూ ఇదే చూపు. నిజాం బంగారు నాణేలైన అష్రఫీల మీద చార్మినార్ పైనో పక్కనో చిల్లు కనిపిస్తుంది. దాన్ని పూడ్చి ఉంటే రాతలో ఒక అక్షరం తెగి, చుట్టూ సన్నటి గుండ్రటి గీత మిగులుతుంది.

కొండి ఉన్న నాణెం దొరికితే దాన్ని అలాగే ఉంచండి. తీయించడమంటే మళ్లీ మంట పెట్టడమే. కుంకుడు రసం, చింతపండు, కంసాలి మెరుగు వద్దే వద్దు. గీతల్లో ఇరుక్కున్న పసుపూ సబ్బూ దానికి చేటు చేయవు.

విదేశాల్లో ఉన్నవాళ్లకో మాట. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణేన్ని సొంతంగా దేశం దాటించకూడదు. అమ్మమ్మ ఇచ్చిన 1918 కాసు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. నగల మధ్య పెట్టి తీసుకెళ్తామనుకోకండి. ఇక పొలంలోనో పాత ఇంటి పునాదిలోనో దొరికితే 1878 నాటి చట్టం కింద కలెక్టరుకు తెలపాలి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో పెద్దవాళ్లనడిగి ఒక పాత కాసు చూడండి. దారం తెంపొద్దు. కాగితం మీద గడియారం బొమ్మ గీసి, పూడిన గీతలు, పాలిన రంగు, ఒరుసుకున్న పక్కలు ఎక్కడెక్కడున్నాయో గుర్తించండి. విడిగా ఉంటే బరువూ రెండు అడ్డకొలతలూ పక్కన రాయండి. వచ్చే పాఠంలో పుతళీలు, అంటే వెనిస్ నగరపు బంగారు నాణేలైన డుకాట్లు, వాటిని చూసి మన కంసాలులు కొట్టిన నకళ్లు. ఆ అక్షరాలు పోల్చడానికి ఈ కాగితమే కావాలి, పారేయకండి.